ఒడ్డునే వేసుకోవలసిన లెక్క

ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగం కాదు. ఒక్క రోజు ప్రయాణానికి మేము చేసుకున్న ఏర్పాట్ల గురించి మాత్రమే వ్రాస్తున్నాను. ఒక్క రోజు ప్రయాణానికి ఇంత వ్రాత ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. చివరి వరకు చదివి, మీ ఇంట్లో పిల్లలున్నవారు మీరే తీర్పు చెప్పండి.

మా పల్లె కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, అడవి అంచున ఉన్నది. మా సంఘ కుటుంబాలవారు పత్తి, వరి, మిరప పండిస్తారు. ఎండాకాలంలో తునికాకు కోస్తారు. కొందరి పిల్లలు సింగరేణిలో కాంట్రాక్టు పనికి పోతారు. వానలు పడి వాగు పారితే చాలు, మా పిల్లలు గాలాలు పట్టుకుని బయలుదేరతారు. జెల్లలో, చిన్న కొర్రమీనులో పట్టి తీగకు గుచ్చుకుని ఇంటికి తెస్తారు. అదంతా మోకాలి లోతు నీళ్ళలో సంబరం. నిరుడు సెప్టెంబరులో మా యవనస్థుల కూడికలో పదిమంది ఒక్క మాటగా అడిగారు: "అయ్యగారూ, ఒక్కసారి పెద్ద నీళ్ళ మీద పడవలో పోయి చేపలు పడదాం."

నేను సరేనన్నాను. అయితే ఒక షరతు పెట్టాను. జనవరి వరకు ఏర్పాటు చేసుకుందాం, ప్రతి శనివారం కూడిక అయ్యాక అరగంట దీనికే కూర్చుందాం అన్నాను. పిల్లలు నవ్వారు. చేపలు పట్టడానికి నాలుగు నెలల చదువు ఎందుకన్నారు. ఆ అరగంటల్లో మేము తెలుసుకున్న సంగతులే ఇవి.

ఏ నీళ్ళు?

మొదట అందరి నోటా వచ్చిన పేరు గోదావరి. భద్రాచలం దగ్గర గోదావరి మా ఇంటి ముందటి నది వంటిదే. కానీ ఇంటి ముందున్నంత మాత్రాన మచ్చికయినది అనుకోరాదు. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసిన సంగతి మీలో చాలామందికి కళ్ళారా తెలుసు. చలికాలంలో నది సన్నబడుతుంది, నిజమే. అయితే ఇసుక తిన్నెల పక్కనే నిలువు లోతు గుంటలుంటాయి. నిరుడు నడిచిన చోట ఈ ఏడు నడవలేము. కొత్తవారికి అది తగిన నీరు కాదని విడిచిపెట్టాం.

రెండవ పేరు కిన్నెరసాని. పాల్వంచ దగ్గరి ఆ జలాశయం అందమంతా అడవే. 1977 నుండి అది వన్యప్రాణుల అభయారణ్యం. నీళ్ళలో మొసళ్ళున్నాయి. అది మనం చూసి రావలసిన చోటే గాని గాలం వేయవలసిన చోటు కాదు. చర్ల దగ్గరి తాలిపేరు గురించి కూడా అనుకున్నాం. ఎగువన ఛత్తీస్‌గఢ్ కొండల్లో వాన పడితే ఇక్కడ గేట్లు ఎత్తుతారు. ఆకాశం మన నెత్తిన నీలంగా ఉండగానే నీళ్ళు ఎర్రగా వస్తాయి. ప్రాజెక్టు కట్టలను కూడా అన్ని కాలాల్లో నమ్మలేము. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లిలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్ళవారు ఎంత కష్టపడ్డారో మనకు తెలుసు.

చివరకు వైరా చెరువు ఖాయమైంది. నిజాం కాలంలో, 1930లో కట్టిన జలాశయం అది. జూలూరుపాడు, ఏన్కూరు మీదుగా తల్లాడ చేరి, అక్కడి నుండి వైరా పోవచ్చు. ఉదయం బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. నీళ్ళు నిలకడ గలవి. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ తరతరాలుగా వల మీద బ్రతికే కుటుంబాలున్నాయి. అడిగి తెలుసుకునే మనుషులున్న చోటికే కొత్తవారు పోవాలి.

ఎవరి చేపలు?

పిల్లలకు ఈ ప్రశ్న వింతగా తోచింది. నీళ్ళల్లో చేపలు ఎవరివైతేనేం అన్నారు. వైరాలో మా సంఘ కుటుంబానికి చుట్టమైన ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీద వల వేస్తున్నవాడు. అక్టోబరులో ఒక రోజు నేను ఆయన దగ్గరకు పోయి కూర్చున్నాను. ఆయన చెప్పిన మొదటి సంగతి మా ఏర్పాటునంతా మార్చివేసింది.

బొచ్చె, రవ్వు, మోసు అనే మన పెద్ద చేపలు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే వరద నీటిలోనే పెడతాయి. కాబట్టి చెరువుల్లో, జలాశయాల్లో పెరిగేవి చాలా వరకు పిల్లలుగా తెచ్చి వదిలినవే. అంటే అది కూడా ఒక పంటే. మన పత్తి చేనులో దారిన పోయేవాడు దిగి నాలుగు కాయలు కోసుకుంటే మనకెలా ఉంటుంది? లైసెన్సు ఉన్న మత్స్యకారులకు కూడా అలాగే ఉంటుంది. అందువలన మేము వారి అనుమతి అడిగి, వారి పడవల్లో, వారితోనే పోవాలని నిర్ణయించుకున్నాం. పడిన చేపలో మా పిల్లలకు కావలసింది తూకం వేసి, వెల కట్టి తీసుకుంటాం. పడవవారి ఆ రోజు కూలి ముందే ఇస్తాం. దోమతెర వంటి సన్న కన్నుల వల ముట్టుకోము. అరకిలో లోపు బొచ్చె, రవ్వు గాలానికి పడితే తిరిగి నీళ్ళలో వదిలేస్తాం.

ఆయన చేపల నడత కూడా చెప్పాడు. బొచ్చె పై నీళ్ళలో తిరిగి తింటుంది. అందుకే దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వు నడిమి నీళ్ళది. మోసు అడుగున బురదలో వెదుక్కుంటుంది. కొర్రమీను గాలి పీల్చే చేప. ఒడ్డు వెంబడి తుంగలో, నాచులో ఉండి మధ్య మధ్య పైకి వస్తుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీనినే. వాలుగ వేటగాడు. పెద్ద నోరు, కోరల వంటి పళ్ళు. పగలు అడుగున పడి ఉండి, పొద్దు గూకాక తిరుగుతుంది. "వాలుగ కావాలంటే రాత్రి రావాలి అయ్యగారూ" అన్నాడాయన. పిల్లల కళ్ళు మెరిశాయి. రాత్రి పడవ లేదని నేను అక్కడే చెప్పాను. వాలుగను ఈ ప్రయాణంలో విడిచిపెట్టాం. ఎన్ని వదులుకోవాలో ముందే తేల్చుకోవడం కూడా ఏర్పాటులో భాగమే.

ఒక తల్లి మాట

నవంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరి నా దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమె కుమారుడు ఈ పదిమందిలో ఒకడు. ఇంటరు రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆమె నెమ్మదిగా, "అయ్యగారూ, మావాడిని పంపను" అంది.

పక్కనే ఉన్న ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, "అమ్మా, దేవుని మీద భారం వెయ్యి. విశ్వాసం ఉండాలి. సంఘంతో పోయే పిల్లవాడికి ఏమవుతుంది?" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. కాసేపటికి నా వైపు చూసి ఇలా అంది: "మా ఆయనకు ఈత రాక పోలేదు అయ్యగారూ. గోదారిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినోడు. ఊళ్ళో అందరికీ ఈత నేర్పింది ఆయనే. వల రాయికి తగులుకుంటే విడిపించబోయి దిగిండు. ఆ వలే కాలికి చుట్టుకుంది. ఈత ఏం చేస్తది? మీ పిల్లలందరూ మాకు ఈత వచ్చు, మాకు ఈత వచ్చు అంటున్నరు. ఆ మాట వింటేనే నాకు గుండె జారిపోతది."

నేను ఆ పెద్దాయనను పక్కకు పిలిచి, ఆమెకు విశ్వాసం గురించి ఇక చెప్పవద్దని మనవి చేశాను. భర్త పోయిన నాటి నుండి ఎనిమిదేళ్ళు కూలి చేసి పిల్లవాణ్ణి చదివిస్తున్న మనిషి విశ్వాసాన్ని కొలిచే కొలత నా దగ్గర లేదు. ఆమె భయం అవిశ్వాసం కాదు. మా అందరిలో నీళ్ళ సంగతి ఎరిగి మాట్లాడింది ఆమె ఒక్కతే. "అమ్మా, మీ అబ్బాయిని పంపమని నేను అడగను. మేము వేసుకునే లెక్కంతా కాగితం మీద వ్రాసి మీకు చదివి వినిపిస్తాను. వినండి చాలు" అన్నాను.

ఆ రోజు నుండి మా శనివారపు అరగంటలో చేపల మాట తగ్గింది. తిరిగి రావడం గురించిన మాట పెరిగింది.

ఏ కాలం?

జూలై, ఆగస్టు నెలలు చేప గుడ్లు పెట్టే కాలం. అప్పుడు పట్టడం రేపటి పంటను ఇవాళ తినడమే. సెప్టెంబరు, అక్టోబరులో నీళ్ళు నిండుగా ఉండి అలుగులు పోస్తాయి. నవంబరు, డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇంత లోపలికీ గాలివాన వస్తుంది. మార్చిలో పిల్లలకు పరీక్షలు. ఏప్రిల్, మే నెలల ఎండలో నీళ్ళ మీద వడదెబ్బ. అన్నీ తీసివేయగా మిగిలింది సంక్రాంతి దాటిన తరువాతి శనివారం. ఆదివారం ఆరాధన పోదు, బడి సెలవు కూడా. జనవరిలో పొగమంచు ఉంటుంది కాబట్టి, అవతలి గట్టు కనబడేంత వరకు పడవ కదలదు. చల్లని నీళ్ళలో చేప మందంగా ఉంటుంది, తక్కువ తింటుంది. ఎండ కాస్త ఎక్కాకే ఎర ముడుతుంది. కాబట్టి తొందరపడి తెల్లవారుజామున దిగినా లాభం లేదు.

ఈ సందర్భంలో మాకు దూరం నుండి ఒక సాయం అందింది. మా సంఘంలో పెరిగి ఇప్పుడు అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలో పనిచేస్తున్న ఒక కుర్రవాడు మా సంగతి విని ఫోనులో అక్కడి ముచ్చట చెప్పాడు. ఆ రాష్ట్రాన్ని పదివేల సరస్సుల దేశమని పిలుస్తారట. మిల్ లాక్స్ అనే ఒక్క సరస్సే 500 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. చలికాలంలో అదంతా గడ్డకట్టి, మనుషులు మంచు మీద కూర్చుని రంధ్రాలు తొలిచి చేపలు పడతారు. వసంతంలో మంచు కరిగాక పడవలు దిగుతాయి. అక్కడ అందరూ కోరేది వాలై అనే చేప. మన వాలుగకు అది చుట్టం కాకపోయినా అలవాటు ఒకటే. పిల్లి కళ్ళలా మెరిసే కళ్ళతో మసక వెలుతురులో వేటాడుతుంది. అది గుడ్లు పెట్టే రోజుల్లో పట్టరాదు. మే నెల మధ్యకు గాని అనుమతి ఇవ్వరు. ఇంకొక మాట మాకు బాగా నచ్చింది. అక్కడ పడవలో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు ఉండి తీరాలి. పదేళ్ళ లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపు అవి తొడుక్కునే ఉండాలి. ఇది చట్టం. అంత డబ్బు, అంత యంత్రాలు ఉన్నవారు కూడా నీళ్ళ దగ్గర ఈ చిన్న లెక్కను వదల్లేదు.

పెద్ద పడవ అయినంత మాత్రాన భద్రం కాదు. 2019 సెప్టెంబరు 15న, ఆదివారం నాడు, పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద మునిగింది. గోదావరి అప్పుడు వరదలో ఉంది. 70 మందికి పైగా ఎక్కిన ఆ పడవ నుండి 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. పడవను పైకి తీయడానికి 38 రోజులు పట్టింది. వారిలో మన వరంగల్లు వైపు నుండి సెలవు దినం గడపడానికి బయలుదేరినవారూ ఉన్నారు. ఇంటి దగ్గర వారి కోసం అన్నం వండి ఎదురు చూసినవారు ఉన్నారు. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు కూడిక గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కాగితం మీది లెక్క

మేము వ్రాసుకున్నది ఇది. మీ ఊరి పిల్లలు ఇటువంటి ప్రయాణం తలపెడితే దీనిని వాడుకోండి.

ఒక్కొక్క పడవలో నడిపేవారు గాక ముగ్గురే ఎక్కాలి. ఆరుగురు పడతారని పడవవారు అన్నా ముగ్గురే. రెండు పడవలు, రెండు విడతలు. మిగిలినవారు ఒడ్డున గాలాలతో కూర్చుంటారు. థర్మాకోల్ తెప్ప ఒక్క మనిషి కోసం చేసినది, మా పిల్లలు ఎవరూ దాని మీద కాలు పెట్టరాదు.

ఎనిమిది లైఫ్ జాకెట్లు యవనస్థుల నిధితో కొన్నాం. కొన్నంత మాత్రాన నమ్మలేదు. డిసెంబరులో మా ఊరి చెరువులో నడుము లోతున ఒక్కొక్కరికీ తొడిగి, పట్టీలు బిగించి, కాళ్ళు ఎత్తి తేలమన్నాం. ఇద్దరికి జాకెట్టు గడ్డం మీదికి జారింది. వారికి వేరేవి మార్చాం. ఈత వచ్చినవారు, రానివారు అనే తేడా లేదు. పడవ నడిపే పెద్దాయనను కూడా తొడుక్కోమని అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, "నలభై ఏళ్ళుగా లేనిది ఇప్పుడా?" అన్నాడు. "మీ కోసం కాదు, మిమ్మల్ని చూసి పిల్లలు తీసివేయకుండా ఉండడం కోసం" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ప్రతి పడవలో నీళ్ళు తోడే డొక్కు, పొడుగాటి తాడు, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఒకటి, ఈల ఒకటి ఉండాలి. ఫోను పాలిథిన్ కవరులో చుట్టి మెడలో వేసుకోవాలి. పడవలో ఎవరూ లేచి నిలబడరాదు. చేప తగిలితే అందరూ ఒకే పక్కకు ఒరగరాదు. తూము దగ్గరకు, అలుగు దగ్గరకు పోరాదు. తూము దగ్గర నీళ్ళు పైకి నిదానంగా కనబడుతూనే లోపలికి లాగుతాయి.

ఎవరైనా నీళ్ళలో పడితే వెంట దూకరాదు. ఈ మాట పిల్లలు ఒప్పుకోవడానికి రెండు శనివారాలు పట్టింది. స్నేహితుడు మునుగుతుంటే చూస్తూ ఊరుకుంటామా అని అడిగారు. మునిగేవాడు దొరికినదాన్ని కావలించుకుంటాడు. దూకినవాడు కూడా వానితో పోతాడు. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోయిన ఇళ్ళు మన చుట్టుపక్కల ఎన్ని లేవు? తాడు వేయాలి, తెడ్డు అందించాలి, డబ్బా విసరాలి. మా సంఘంలో నర్సుగా పనిచేస్తున్న ఒక సహోదరి ఒక శనివారం వచ్చి మరికొన్ని నేర్పింది. పైకి తీసిన మనిషిని తలకిందులు చేసి నీళ్ళు కక్కించాలని చూడరాదు. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇవ్వాలి, గుండె మీద నొక్కాలి, ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి వస్తుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది. కాబట్టి ఒడ్డున పొయ్యి మీద నీళ్ళు కాగుతూ ఉండాలి.

చివరిది, అందరికన్నా ముఖ్యమైన పని ఒడ్డు మనిషిది. ఆ మనిషి చేపలు పట్టడు. ఎవరు ఎన్ని గంటలకు పడవ ఎక్కారో పేరు వ్రాసుకుంటాడు, దిగినప్పుడు పేరు పక్కన గీత గీస్తాడు. గాలికి నీళ్ళ మీద తెల్లటి నురగ కనబడితే ఈల వేస్తాడు. ఈల వినబడితే గాలానికి ఎంత పెద్ద చేప తగిలి ఉన్నా దారం కోసి ఒడ్డుకు రావాలి. మధ్యాహ్నం మూడు గంటలకు ఆఖరి పడవ ఒడ్డున ఉండాలి.

పాత పడవ చెప్పిన మాట

నీళ్ళ గురించి మాట్లాడుకుంటూ గలిలయ సముద్రాన్ని తలచుకోకుండా ఎలా ఉంటాం? పేరుకు సముద్రమే గాని అది మంచినీళ్ళ సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. చుట్టూ ఉన్న ఎత్తుల మీది నుండి గాలి ఒక్కసారిగా దిగితే కాసేపటిలోనే అలలు లేస్తాయి. సువార్తల్లో తుపాను ఎందుకు అంత అకస్మాత్తుగా వస్తుందో ఆ నేలను చూస్తే అర్థమవుతుంది.

1986 జనవరిలో అక్కడ కరువు వచ్చి నీళ్ళు తగ్గినప్పుడు, చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ములు బురదలో ఒక పాత పడవను కనుగొన్నారు. ఇంచుమించు క్రీస్తు కాలం నాటిదని పరిశోధకులు తేల్చారు. ఎనిమిది మీటర్లకు పైగా పొడవు, రెండు మీటర్లకు పైగా వెడల్పు. ఇప్పుడు ఆ ఒడ్డునే గినోసారులోని మ్యూజియంలో భద్రపరచి ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో మన భద్రాచలంలో గోదావరి 75 అడుగులు దాటింది.

ఆ పడవ గురించి నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి దాని అతుకులు. రకరకాల చెట్ల కలప ముక్కలతో దానిని మళ్ళీ మళ్ళీ బాగు చేశారు. కొత్త పడవ చేసుకునే స్తోమత లేని బీద జాలరులు ఉన్న దానినే ఒడ్డున పెట్టుకుని, కన్నం కనబడిన చోటల్లా ముక్క వేసి, మళ్ళీ నీళ్ళలోకి దించారు. ఎవరూ వారిని మీకు విశ్వాసం లేదా అని అడిగి ఉండరు. పడవ బాగు చేసుకోవడం జాలరి పని. ఆ పని ఒడ్డునే చేయాలి, నడి నీళ్ళలో కుదరదు.

చదివి వినిపించిన రోజు

క్రిస్మస్ అయ్యాక, డిసెంబరు ఆఖరి వారంలో ఆ సహోదరి ఇంటికి వెళ్ళి కాగితం మొదటి నుండి చివరి వరకు చదివాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చదవడం అయ్యాక చాట పక్కన పెట్టి అడిగింది.

"అన్నీ రాసిండ్రు అయ్యగారూ. కత్తి రాయలేదే?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పడవకొక కత్తి. పదునుది. మొలకు కట్టుకొని ఉండాలె. ఆ రోజు ఆయన మొలకు కత్తి ఉంటే వల కోసుకొని పైకి వచ్చేటోడు. వల పోతే పోయేది."

నేను అక్కడే కూర్చుని ఆ మాట వ్రాసుకున్నాను. నలభై ఏళ్ళ అనుభవమున్న వైరా పెద్దాయనకు ఫోను చేసి చెబితే, "ఆ తల్లి సరిగ్గా చెప్పింది. మేము ఎప్పుడూ ఉంచుకుంటాం, మీకు చెప్పాలని తోచలేదు" అన్నాడు. అలవాటైనవారికి తోచని మాట పోగొట్టుకున్నవారికి తోస్తుంది.

ఆమె కుమారుణ్ణి పడవ ఎక్కించడానికి ఒప్పుకోలేదు. నేను అడగనూ లేదు. కానీ ఒడ్డు మనిషిగా పంపుతానంది. ఆ అబ్బాయి మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మరుసటి శనివారం అందరి పేర్లు వ్రాసిన ఒక నోటు పుస్తకం, మెడలో ఈల వేసుకుని వచ్చాడు. పడవ ఎక్కేవారు ఎంత పెద్దవారైనా తన ఈలకు తిరిగి రావలసిందేనని కూడికలో గట్టిగా చెప్పాడు. వాడి గొంతులో తండ్రి లేని పిల్లవాడి బెరుకు ఆ రోజు నాకు వినబడలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మన పిల్లలు నీళ్ళ దగ్గరకు పోకుండా ఆపలేము, ఆపనక్కరలేదు. వాగులు, చెరువులు, గోదావరి మనకు అన్నం పెట్టే నీళ్ళు. కానీ ఇంట్లో ఒకరు భయపడుతుంటే ఆ భయాన్ని నవ్వి కొట్టివేయకండి, భక్తి మాటలతో నోరు మూయించకండి. కూర్చోబెట్టి అడగండి. ఆ భయంలో మీ పిల్లవాని ప్రాణం నిలిపే మాట ఒకటి దాగి ఉండవచ్చు. ఒడ్డున ఎదురు చూసేవారి మనసు నెమ్మదిగా ఉండేటట్లు పోయి రావడం కూడా ప్రేమే.

వచ్చే శనివారం మా ప్రయాణం. జాకెట్లు ఎండలో ఆరవేశాం. రెండు కత్తులకు పదును పెట్టించాం. మా స్త్రీల సమాజం వారు అల్లం వెల్లుల్లి, ధనియాలు నూరి, చింతపండు పొట్లం కట్టి ఇస్తామన్నారు. ఆ ఉదయం పొగమంచు విడవకపోయినా, గాలి లేచినా పడవ ఎక్కకూడదని అందరం ఒప్పుకున్నాం. అప్పుడు వైరాలోనే మత్స్యకారుల దగ్గర నాలుగు కిలోల బొచ్చె కొని, కట్ట కింద చెట్టు నీడన పులుసు పెట్టుకుని తిని, పదమూడు మందిమి పొద్దుండగానే ఇంటికి వస్తాం. చేపలు కొనడానికి డబ్బు కూడా విడిగా తీసి కవరులో పెట్టాం.